పాత సినిమా హాలు చరిత్ర వెతకడం ఎలా: బోర్డు మీది పేరు నుంచి లైసెన్సు ఫైలు దాకా

"మా ఊళ్ళో పాత హాలు కూలగొట్టబోతున్నారు, దాని చరిత్ర రాయాలని ఉంది, ఎక్కడ మొదలెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళ చేతిలో అప్పటికే ఇంటర్నెట్‌లో దొరికిన రెండు ఫొటోలు, ఒకదానితో ఒకటి పొసగని మూడు తేదీలు ఉంటాయి. అక్కడి నుంచి ముందుకు ఎలా వెళ్ళాలో ఇందులో వరుసగా చెబుతాను. ఆంధ్ర, తెలంగాణల్లోని సింగిల్ స్క్రీన్ హాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

వరుస మార్చకండి. పాత పేర్లు, భాగస్తుల పేర్లు తెలియకుండా ఆఫీసుకు వెళితే గుమస్తా అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. ఒక్క మినహాయింపు ఉంది: హాలు కూలబోతున్నా, పాత ఆపరేటర్‌కు ఎనభై దాటినా కింద 4, 5 నంబర్లు వేసిన పనులు ముందు చేసేయండి. కాగితాలు ఆగుతాయి, వాళ్ళు ఆగరు.

1. ఒక్క హాలు, నాలుగు ప్రశ్నలు

"మా జిల్లా సినిమా హాళ్ళ చరిత్ర" అని మొదలుపెట్టినవాళ్ళు సాధారణంగా మధ్యలోనే ఆపేస్తారు. ఒక్క హాలు తీసుకోండి. నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ నాలుగూ రాయండి:

☐ ఎప్పుడు కట్టారు, మొదటి ఆట ఎప్పుడు పడింది?
☐ స్థలం ఎవరిది, కట్టడం ఎవరిది, నడిపింది ఎవరు?
☐ పేరు ఎన్నిసార్లు మారింది?
☐ ఎప్పుడు, ఎందుకు మూతపడింది?

రెండో ప్రశ్నలో ముగ్గురున్నారని గమనించండి. స్థలం ఒకరిది, దాన్ని లీజుకు తీసుకుని హాలు కట్టింది ఇంకొకరు, ఆ హాలును మళ్ళీ లీజుకు తీసుకుని ఆడించింది మూడో మనిషి కావడం మన దగ్గర మామూలే. ఊళ్ళో "అది ఫలానా వారి హాలు" అన్నప్పుడు ఈ ముగ్గురిలో ఎవరి గురించి అంటున్నారో అడగాలి.

2. పేరును నమ్మకండి, స్థలాన్ని పట్టుకోండి

మొత్తం పనిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. హాలు పేరు లీజుదారుతో మారుతుంది, వాస్తుతో మారుతుంది, ఏసీ పెట్టినప్పుడు మారుతుంది. పైగా ప్రతి ఊళ్ళోనూ ఒక శ్రీనివాసా, ఒక లక్ష్మీ, ఒక వెంకటేశ్వరా ఉంటాయి. స్థలం మాత్రం కదలదు.

పేరులోని ముక్కలు కూడా కాలాన్ని చెబుతాయి. విజయవాడ మారుతి టాకీస్ 1921లో మొదలైందంటారు. మన దేశంలో మాట్లాడే సినిమా వచ్చింది 1931లో. అంటే 'టాకీస్' అనే ముక్క తర్వాత చేరినదే. 1931కి ముందరి కాగితాల్లో టాకీస్ అని వెతికితే ఏమీ దొరకదు. బయోస్కోప్, సినిమాటోగ్రాఫ్, ఎలక్ట్రిక్ థియేటర్, కళామందిరం అనే మాటలతో కూడా వెతకాలి.

హాలు ఇప్పుడు లేకపోయినా స్థలం దొరుకుతుంది. మద్రాసు మౌంట్ రోడ్డులోని 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్ కట్టడం అణ్ణా రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో నేటికీ ఉంది. మీ ఊరి హాలు గోడౌనో, కల్యాణ మండపమో, షాపింగ్ కాంప్లెక్సో అయి ఉండొచ్చు.

స్థలం కోసం సేకరించాల్సినవి:

☐ పాత, కొత్త డోర్ నంబర్లు
☐ టౌన్ సర్వే నంబర్, వార్డు, బ్లాకు. పల్లె అయితే రెవెన్యూ సర్వే నంబర్
☐ మున్సిపాలిటీ ఆస్తి పన్ను అసెస్‌మెంట్ నంబర్
☐ నాలుగు హద్దులు, అంటే చుట్టూ ఏమున్నాయో
☐ అప్పటి జిల్లా, తాలూకా

చివరిది చాలామంది వదిలేస్తారు. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. విజయనగరం 1979 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉంది. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో జిల్లాలు మళ్ళీ విడిపోయాయి. మీ హాలు పాత ఫైలు ఇప్పటికీ పాత జిల్లా కేంద్రంలోనే ఉండొచ్చు.

హైదరాబాద్ నగరమైతే 1912–15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన మున్సిపల్ సర్వే పటాలు చూడండి. అవి ఒక్కో ఇంటిని చూపించేంత వివరంగా ఉంటాయి. హాలు రాకముందు అక్కడ ఏముందో వాటిలో తెలుస్తుంది.

3. పాత పత్రికలు చదవడం

ఇది ఇంట్లో కూర్చుని మొదలుపెట్టగల పని. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి వాటి పాత సంచికలు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. వాటిలో లేనివాటికి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మంచి చోట్లు. నిజాం ప్రాంతానికి గోలకొండ పత్రిక చూడండి. ఉర్దూ చదివేవాళ్ళు ఒకరు తోడుంటే ఉర్దూ పత్రికలూ చూడొచ్చు.

వార్తలకంటే ముందు ప్రకటనలు చూడండి. సినిమా విడుదల ప్రకటనల అడుగున ఊళ్ళ పేర్లు, పక్కన హాళ్ళ పేర్లు వరుసగా ఉంటాయి. ఆ జాబితాలో మీ ఊరి పక్కన హాలు పేరు మొదట ఎప్పుడు కనిపించిందో, ఆఖరున ఎప్పుడు కనిపించిందో రాసుకుంటూ పోతే హాలు జీవితకాలం చాలావరకు బయటపడుతుంది. పేరు మారిన ఏడాది కూడా ఇక్కడే పట్టుబడుతుంది.

చూడాల్సిన వరుస:

☐ పండుగల ముందు వారాలు: సంక్రాంతి, ఉగాది, దసరా. హాళ్ళ ప్రారంభోత్సవాలు ఎక్కువగా అప్పుడే పెట్టుకునేవారు
☐ 50 రోజులు, 100 రోజుల ప్రకటనలు
☐ లీజు, అమ్మకం, కోర్టు వేలం నోటీసులు
☐ అగ్ని ప్రమాదాలు, తొక్కిసలాటల వార్తలు
☐ జిల్లా వారపత్రికలు

వంద రోజుల ప్రకటనతో ఒక చిక్కుంది. ఒక హాల్లోంచి తీసి మరో హాల్లో వేసి, షిఫ్టుల మీద వంద రోజులు లెక్కకట్టేవారు. ప్రకటనలో మీ హాలు పేరుందని వంద రోజులూ అక్కడే ఆడిందని రాయకండి.

ప్రతి క్లిప్పింగ్‌కూ పత్రిక పేరు, తేదీ, పేజీ, ఎడిషన్ రాసుకోండి. ఫోన్‌తో ఫొటో తీస్తే ముందు పత్రిక తలకట్టు, తేదీ ఉన్న పేజీని, తర్వాత ప్రకటనను తీయండి. తేదీ లేని ప్రకటన ఫొటోతో ఏమీ నిరూపించలేరు.

4. కట్టడాన్ని చదవడం

అనుమతి తీసుకుని, వీలైతే వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని పగటిపూట వెళ్ళండి. శిథిలమైన హాల్లో బాల్కనీ ఎక్కకండి.

ముందు బయట చుట్టూ ఒక రౌండు తిరగండి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీలకు వేర్వేరు బుకింగ్ కిటికీలు, వేర్వేరు దారులు ఉండేవి. మూసేసిన కిటికీల మీద తరగతి పేరో రేటో పెయింటు కింద ఇంకా కనబడవచ్చు. పక్కనుంచి వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ఫొటో తీస్తే పాత అక్షరాలు తేలతాయి.

తర్వాత ఆపరేటర్ రూము. నా లెక్కలో హాలు మొత్తంలో ఎక్కువ సమాచారం ఉండేది ఇక్కడే. పాత ఫిల్ము నైట్రేటుది, ఇట్టే అంటుకునేది. అందుకే ఈ గది గోడలు మందంగా ఉంటాయి, మెట్లు చాలాచోట్ల బయటినుంచే ఉంటాయి, కిటికీ రంధ్రాలకు జారుడు ఇనుప రేకులు ఉంటాయి. కప్పులోంచి పైకి పోయే గొట్టం కనిపిస్తే అది ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీల పొగ పోవడానికి పెట్టినది.

ఆ గోడలోని రంధ్రాలు లెక్కపెట్టండి. ఒక ప్రొజెక్టర్‌కు బొమ్మ పడేందుకు ఒకటి, ఆపరేటర్ చూసేందుకు ఒకటి ఉంటాయి. ఇటుకలతో పూడ్చిన పాత రంధ్రాలు, వాటి పక్కనే కొత్తవి కనిపిస్తే మెషీనో తెరో మార్చారని అర్థం. తొలి తెలుగు సినిమాస్కోప్ (వెడల్పు తెర) చిత్రం అల్లూరి సీతారామరాజు 1974లో వచ్చింది, తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం సింహాసనం 1986లో వచ్చింది. మార్పులు ఆ కాలాల దగ్గర జరిగాయేమో ఆపరేటర్‌ను అడగండి. హిందీ, ఇంగ్లీషు సినిమాల కోసం అంతకు ముందే మార్చిన హాళ్ళూ ఉన్నాయని మరవకండి.

తెర వెనక్కి కూడా వెళ్ళండి. లోతైన వేదిక, పక్కన మేకప్ గదులు ఉంటే అది మొదట నాటకాల హాలు అయి ఉండొచ్చు. అప్పుడు మీ వెతుకులాట సినిమా ప్రకటనల దగ్గర ఆగకుండా నాటక సమాజాల కరపత్రాల దాకా వెళ్ళాలి.

రాసుకోవాల్సినవి:

☐ శిలాఫలకం మీది ప్రతి అక్షరం, తప్పులతో సహా
☐ ప్రొజెక్టర్, యాంప్లిఫయర్ మీది కంపెనీ పేరు, సీరియల్ నంబర్
☐ కుర్చీల వెనక తయారీదారు ముద్ర
☐ ఫ్రేము కట్టించిన లైసెన్సు, షీల్డులు, గ్రూపు ఫొటోలు
☐ అడుగులతో కొలిచి గీసిన చేతి ప్లాను

శిలాఫలకం మీద తేదీ ఉందని సంబరపడకండి. అది శంకుస్థాపనదా, ప్రారంభానిదా, ఆధునికీకరించినప్పటిదా చూడండి.

5. మనుషులతో మాట్లాడటం

యజమాని కుటుంబంతో మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. నేనైతే వాళ్ళను ఆఖరున కలవమంటాను. వాటాల గొడవలు ఉంటే తలుపు ఒకసారి మూసుకున్నాక మళ్ళీ తెరుచుకోదు. ముందు ఆపరేటర్, బుకింగ్ క్లర్కు, గేటు కీపరు, సైకిల్ స్టాండు నడిపినవారు, క్యాంటీన్‌ను వేలంలో పాడుకున్నవారు, పోస్టర్లు అంటించినవారు, రిక్షాలో మైకు పట్టుకుని తిరిగినవారు. డిస్ట్రిబ్యూటర్ల తరఫున ప్రింటుతోపాటు వచ్చి కలెక్షన్ చూసుకున్న రెప్రజెంటేటివ్ దొరికితే ఇంకా మంచిది. ఆయనకు చుట్టుపక్కల హాళ్ళన్నిటి సంగతీ తెలుస్తుంది.

"ఏ సంవత్సరం?" అని అడగకండి. ఎవరికీ గుర్తుండదు, మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. అందరూ మరచిపోలేని సంఘటనకు కట్టి అడగండి:

☐ పోలీసు చర్యకు ముందా, తర్వాతా? (1948 సెప్టెంబర్)
☐ అణాల టికెట్టు ఉండేదా, నయాపైసలదా? (దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1 నుంచి)
☐ తెలంగాణ ఉద్యమం, జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో హాలు ఉందా? (1969, 1972)
☐ దివిసీమ ఉప్పెనప్పుడు పైకప్పు ఎగిరిందా? (1977 నవంబర్ 19)
☐ గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? (1986 ఆగస్టు)

మాటల్లో ఇలా ఉంటే బాగుంటుంది: "బాబాయ్, మీరు పనిలో చేరినరోజు ఏ సినిమా ఆడుతోంది? అప్పుడు రేకులా, పెంకులా?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులోంచి పది ప్రశ్నలు పుడతాయి.

సినిమా పేరు చెప్పగానే దాని విడుదల తేదీ వేసేయకండి. అడవి రాముడు 1977 ఏప్రిల్ 28న విడుదలైంది. ఆ తేదీ పెద్ద కేంద్రాలకు. బి, సి సెంటర్లకు, అంటే చిన్న ఊళ్ళకు, ప్రింటు నెలలు గడిచాక వచ్చేది, టూరింగ్ టాకీసులకు ఇంకా ఆలస్యంగా.

రికార్డు చేసేముందు అడగండి. ఫొటోలు, టికెట్టు పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్ళకుండా అక్కడే ఫొటో తీసి వెంటనే ఇచ్చేయండి.

టికెట్టు ముక్క దొరికితే తిప్పి చూడండి. ధర అణాల్లో ఉంటే 1957 నాటికి ముందరిదో, ఆ దరిదాపులదో. "న.పై." అని ఉంటే 1957–64 మధ్యది. వినోదపు పన్ను విడిగా చూపించారా లేదా చూడండి. నిజాం ఇలాకాలో హాలీ సిక్కా (నిజాం రూపాయి), కల్దార్ (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని రెండు రకాల రూపాయలు నడిచేవి. ధరను ఏ రూపాయిలో రాశారో చూడకుండా రెండు హాళ్ళ రేట్లు పోల్చకండి. లెటర్‌హెడ్ మీద ఆరంకెల పిన్‌కోడ్ అచ్చయి ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత వేయించినదే.

6. లైసెన్సు ఫైలు

హాలు నడపాలంటే బి-ఫారం లైసెన్సు ఉండాలి. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నిబంధనలు దానికి ఆధారం. హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్ ఆఫీసు, జిల్లాల్లో కలెక్టరేటు, ఆర్డీవో ఆఫీసుల్లో ఈ ఫైళ్ళు ఉంటాయి. కలెక్టరేట్‌లో మెజిస్టీరియల్ సెక్షన్ అడగండి.

ఈ ఫైల్లో ఉండేవి: స్థలం ప్లాను, తరగతులవారీ సీట్లు, ఆర్ అండ్ బి ఇంజినీరు ఇచ్చిన కట్టడపు సర్టిఫికెట్, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ కాగితం, ఫైర్ కాగితం, రెన్యువల్స్. వీటన్నిటికంటే రుచికరమైనవి అభ్యంతరాల అర్జీలు. కొత్త హాలు వస్తోందని నోటీసు వేస్తే ఎదురు హాలు యజమాని, పక్కనున్న బడి, గుడి వాళ్ళు రాసినవి. ఊళ్ళో అప్పటి రాజకీయమంతా వాటిలో ఉంటుంది.

పాత ఫైలు అడిగేటప్పుడు ఎలా ముగించారో తెలుసుకోండి. ఆర్.డిస్ అని ముగించినవి శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ పదేళ్ళకు తీసేస్తారు. ఎల్.డిస్ ఇంకా ముందే పోతుంది. డిస్పోజల్ రిజిస్టర్‌లో ఈ గుర్తులు ఉంటాయి. ఫైలు లేకపోయినా రిజిస్టర్‌లోని ఒక్క లైను తేదీని ఇస్తుంది.

మాటతో పని కాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. "హాలు చరిత్ర ఇవ్వగలరు" అని రాస్తే "మా వద్ద లేదు" అని జవాబు వస్తుంది. ఇలా రాయండి:

"... పట్టణం, ... వార్డు, టౌన్ సర్వే నంబర్ ...లోని సినిమా హాలుకు (పాత పేర్లు: ..., ...) సంబంధించి: 1. మొదటి బి-ఫారం లైసెన్సు నకలు. 2. ఆమోదించిన ప్లాను నకలు. 3. లైసెన్సు బదిలీ ఉత్తర్వుల నకళ్ళు. 4. ఫైలు తీసివేసి ఉంటే డిస్పోజల్ రిజిస్టర్‌లోని ఆ పేజీ నకలు. 5. ఫైలును స్వయంగా పరిశీలించేందుకు అవకాశం."

జవాబుకు 30 రోజుల గడువు. తప్పు ఆఫీసుకు పంపినా 6(3) సెక్షన్ కింద సరైన ఆఫీసుకు వాళ్ళే పంపాలి.

7. స్థలం కాగితాలు

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందరిది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేతిరాత పుస్తకాలు వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకం నకలు ఎవరైనా అడగొచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఆ వీలు ఇస్తోంది.

ఇక్కడ ఒక చిట్కా. హాలు దస్తావేజు దొరకకపోతే పక్కింటి దస్తావేజు చూడండి. హద్దుల్లో "తూర్పు: ఫలానా టాకీసు ప్రహరీ" అని ఉంటుంది. ఆ తేదీకి హాలు ఉందనీ, అప్పటి పేరు అదేననీ రుజువయినట్టే.

భాగస్వామ్య సంస్థ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర భాగస్తులు మారిన వివరాలు ఉంటాయి.

8. 1956కు ముందరి హాలైతే

కోస్తా, రాయలసీమ హాళ్ళ పాత కాగితాలు మద్రాసు ప్రెసిడెన్సీవి. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. సంవత్సరాలవారీ ఇండెక్సుల్లో లా, హోమ్, లోకల్ సెల్ఫ్ గవర్నమెంట్ శాఖల కింద 'సినిమాటోగ్రాఫ్' అనే శీర్షిక చూడండి. ఊరి స్పెల్లింగులు అన్నీ రాసుకుని వెళ్ళండి: బెజవాడ (విజయవాడ), కోకనాడ (కాకినాడ), ఎల్లోర్ (ఏలూరు).

టి. రంగాచారి అధ్యక్షతన 1927–28లో పనిచేసిన ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ సాక్ష్యాల సంపుటాలు తప్పక తిరగేయండి. మూకీల కాలంలో హాళ్ళు ఎలా నడిచాయో నడిపినవాళ్ళ మాటల్లోనే ఉంటుంది.

నిజాం ప్రాంతమైతే హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్. కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, తేదీలు ఫసలీలో, అంటే అక్కడి రెవెన్యూ సంవత్సరాల లెక్కలో, ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: 1350 ఫసలీ అంటే 1940–41. నిజాం ప్రభుత్వ గెజిట్‌ను జరీదా అనేవారు, దాన్నీ అడగండి.

సికింద్రాబాద్‌ను విడిగా చూడాలి. కంటోన్మెంటు చాలాకాలం బ్రిటిష్ రెసిడెంట్ కింద ఉండేది కాబట్టి ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు.

9. తేదీ తేల్చడం

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదల తేదీ 1931 సెప్టెంబర్ 15 అని దశాబ్దాలపాటు పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కింది. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సార్ వివరాలు, ఆనాటి పత్రికలు వెతికి అది 1932 ఫిబ్రవరి 6 అని చూపించారు. అంత పెద్ద విషయంలోనే అలా ఉంటే మీ ఊరి హాలు సంగతి వేరే చెప్పాలా?

ప్రతి తేదీ పక్కన ఈ మూడింట్లో ఒక గుర్తు వేయండి:

అ: ఆ రోజుల్లోనే పుట్టిన కాగితం. ప్రకటన, లైసెన్సు, దస్తావేజు.
ఆ: తర్వాత రాసినది. రజతోత్సవ సంచిక, వ్యాసం, ఫలకం.
ఇ: జ్ఞాపకం.

పది 'ఆ'లు కలిసినా ఒక 'అ' కాదు. పది వ్యాసాలూ ఒకే మాటను ఎత్తి రాసుకుని ఉండొచ్చు.

శంకుస్థాపన, లైసెన్సు, ప్రారంభోత్సవం, మొదటి ఆట వేర్వేరు గడుల్లో రాయండి. పొంతన కుదరని తేదీల్లో సగం ఇలా విడదీయగానే సర్దుకుంటాయి.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

"ఊళ్ళో మొట్టమొదటి హాలు" అని రాయడం: ప్రతి ఊళ్ళో రెండు మూడు హాళ్ళు ఈ మాట చెప్పుకుంటాయి. టూరింగ్ టాకీసు, నాటకాల హాలు, పక్కా హాలు దేన్ని లెక్కేస్తున్నారో చెప్పండి. లేదా "దొరికిన ప్రకటనల్లో అన్నిటికంటే పాతది" అని రాయండి.

రెండు హాళ్ళు కలిపేయడం: ఒకే పేరు రెండు కాలాల్లో రెండు స్థలాల్లో కనిపిస్తే సర్వే నంబర్ చూసి విడదీయండి.

సీట్ల సంఖ్య ఒక్కటే వేయడం: నేల తీసి కుర్చీలు వేసినప్పుడల్లా అది మారుతుంది. పక్కన సంవత్సరం వేయండి.

మూతపడటానికి ఒకే కారణం రాయడం: టీవీ, మల్టీప్లెక్స్ అని తేలిగ్గా అనేస్తాం. ఫైలు చూస్తే లైసెన్సు రెన్యువల్ కాకపోవడమో, లీజు ముగియడమో, వాటాల పంపకమో తేలవచ్చు.

11. రాసిపెట్టడం, దాచిపెట్టడం

ముందు ఒక కాలక్రమం పట్టిక చేయండి: తేదీ, సంఘటన, ఆధారం, అ/ఆ/ఇ గుర్తు. వ్యాసం దాన్నుంచి రాయండి. ఖాళీలున్న చోట కథ అల్లకండి, ఆ ఏళ్ళు ఖాళీగానే వదలండి.

బయటపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

☐ మాట్లాడినవారి ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు తీసేశారా?
☐ కుటుంబ తగాదాల్లో కోర్టు తీర్పులో ఉన్నంతవరకే రాశారా?
☐ ఫొటో ఎవరిచ్చారో, వేసుకోమన్నారో లేదో రాసుకున్నారా?
☐ స్కాన్‌లు రెండు చోట్ల దాచారా?
☐ ఫైలు పేర్లలో ఊరు, హాలు, సంవత్సరం ఉన్నాయా?

పోస్టర్లు, పాటల పుస్తకాలు, కరపత్రాల అసలు ప్రతులు ఎవరైనా వదిలించుకోవాలనుకుంటే పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ను సంప్రదించమనండి. మీ పట్టిక, స్కాన్‌ల అచ్చు ప్రతి ఒకటి ఊరి శాఖా గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.